బొజ్జ 104, సీఆర్‌పీ 6.8: గుండెలో బ్లాకులు ఎన్నున్నాయో రక్తం చెబుతుందా?

పటమట_పెద్దోడు · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్లుగా చదవడమే గానీ రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

వయసు 41. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు, ఇంట్లో టేపుతో కొలిస్తే నడుము 104 సెంటీమీటర్లు. విజయవాడ పటమటలో ఉంటాను. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రం లేచే ఉద్యోగం. సిగరెట్, మందు లేవు. ఆఫీసులో ఎవరో కూపన్ ఇస్తే ఫుల్ బాడీ చెకప్ చేయించాను. ఇంటికొచ్చి పరగడుపున రక్తం తీసుకెళ్లారు, సాయంత్రానికి ఫోన్లో పీడీఎఫ్ వచ్చింది. పంతొమ్మిది పేజీలు! మా ఆవిడ ముందుగా చూసింది ఎర్ర బాణాలున్న పేజీనే.

హెచ్ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే రక్తంలో పెరిగేదట) 6.8, పక్కన "హై రిస్క్". రక్తంలో కొవ్వు, ట్రైగ్లిజరైడ్స్ 236. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 34. మూణ్ణెల్ల షుగర్ 6.1. మొత్తం కొలెస్ట్రాల్ 198, చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 117, ఈ రెండింటికీ బాణాలు లేవు.

నా అసలు గొడవ వేరే ఉంది. మా ఇంట్లో రెండు గుండె కేసులు చూశాను. మా బావగారు 104 కిలోలు. పోయినేడు గుంటూరులో యాంజియో చేస్తే ఒకటే బ్లాకు, స్టెంట్ వేయించుకుని మూడోరోజు ఇంటికొచ్చేశారు. మా చిన్న మావయ్య 61 కిలోలు, చొక్కా హ్యాంగర్‌కి తగిలించినట్టుంటాడు. ఆయనకి మూడు నాళాలూ మూసుకుపోయి బైపాస్ అయింది. మరి లావుకీ, ఈ సీఆర్‌పీకీ, లోపల జబ్బు ఎంత ముదిరిందన్నదానికీ లెక్క ఎలా కుదురుతుంది? నా 6.8కి లోపల ఎన్ని బ్లాకులున్నట్టు?

బందరురోడ్డు_బాబాయ్ · ఆదివారం రాత్రి 9:52

కూపన్ ఇచ్చిన ఆ మహానుభావుడికి ముందు ఒక దండం పెట్టు. రెండువేల కూపన్‌తో నెలరోజుల నిద్ర పోగొట్టాడు.

మిర్చియార్డు · ఆదివారం రాత్రి 10:15

నాది గుంటూరు. పక్కా అనుభవంతో చెప్తున్నా, ఇవన్నీ ల్యాబులోళ్ల వ్యాపారం. మా నాన్న ఎనభై నాలుగేళ్లు బతికాడు, సీఆర్‌పీ అనే మాట వినకుండానే పోయాడు. వంద పరీక్షలు చేస్తే పది ఎర్రగా రాకుండా ఉంటాయా? చింతపండు ఎక్కువైంది, ఉప్పు తక్కువైంది అన్నట్టు ఏదో ఒక బాణం పెడతారు.

సూదిమొన · ఆదివారం రాత్రి 11:05

నేను గుంటూరు కొత్తపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, పద్నాలుగేళ్ల నుంచి. యార్డు అన్న చెప్పినదాంట్లో సగం నిజముంది. మిగతా సగానికి నా సమాధానం ఇది.

పెద్దోడు గారూ, ఒకసారి పీడీఎఫ్ మళ్లీ తెరిచి మూడు చూడండి.

మొదటిది, అది హెచ్ఎస్-సీఆర్‌పీయేనా, ఉత్త సీఆర్‌పీనా? హెచ్ఎస్ అంటే హై సెన్సిటివిటీ. రెండూ కొలిచేది ఒకే పదార్థాన్ని. కానీ మామూలు సీఆర్‌పీ జ్వరాలకీ ఇన్‌ఫెక్షన్లకీ పనికొచ్చే మోటు కొలత, చిన్న అంకెల దగ్గర దానికి చూపు ఆనదు. గుండె లెక్కకి కావాల్సింది 1, 2, 3 మధ్య తేడా. అది హెచ్ఎస్‌లోనే తెలుస్తుంది.

రెండోది యూనిట్. లీటరుకు మిల్లీగ్రాములా, డెసీలీటరుకా? పోయిన నెల ఒకాయన రెండు ల్యాబుల కాగితాలు పట్టుకుని మా కౌంటర్ దగ్గర గొడవకి దిగాడు. ఒకదాంట్లో 0.42, ఇంకోదాంట్లో 4.2. "పది రెట్లు తేడా ఎలా వస్తుందండీ, మనుషుల ప్రాణాలతో ఆటలా" అని ఒకటే అరుపు. రెండూ ఒకటేనండీ అని యూనిట్ల మీద వేలు పెట్టి చూపించేసరికి కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

మూడోది చాలా ముఖ్యం. రక్తం ఇచ్చే ముందు రెండు మూడు వారాల్లో జ్వరం, జలుబు, దెబ్బ, పంటి నొప్పి, టీకా ఏమైనా ఉందా?

పటమట_పెద్దోడు · సోమవారం ఉదయం 6:50

హెచ్ఎస్ అనే ఉందండీ. లీటరుకే. ఇక మూడోది... చెకప్‌కి ఆరు రోజుల ముందు దవడ పన్ను పీకించుకున్నాను. చిగురు వాచి నాలుగు రోజులు గంజి తాగాను. దానికీ గుండెకీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు?

సూదిమొన · సోమవారం ఉదయం 7:20

😀 చిక్కు అక్కడే ఉంది. మీ 6.8లో పన్ను వాటా ఎంతో, బొజ్జ వాటా ఎంతో ఆ కాగితం చెప్పదు. 10 దాటితే ఇన్‌ఫెక్షనేమో అని డాక్టర్లే పక్కన పెడతారు. 6.8 అటూ ఇటూ కాని అంకె. మూడు వారాలు ఆగి మళ్లీ ఇవ్వండి.

స్టెతస్కోప్_పాతది · సోమవారం రాత్రి 10:30

సూర్యారావుపేటలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు. ఓపీ అయ్యేసరికి ఈ టైమైంది. ప్రశ్న మంచిది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బొజ్జలో కొవ్వంటే మూలన పెట్టిన నూనె డబ్బా అనుకుంటారు చాలామంది. మేం చదువుకునే రోజుల్లో మా పుస్తకాలూ దాదాపు అలాగే ఉండేవి. 1994లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ని కనుక్కుంది. కొవ్వు కణాలే తయారుచేసి రక్తంలోకి వదిలే హార్మోన్ అది. కొవ్వు కూడా ఒక గ్రంథిలా పనిచేస్తుందని అప్పుడు అందరికీ తలకెక్కింది. లావు పెరిగేకొద్దీ లెప్టిన్ పెరుగుతుంది. అడిపోనెక్టిన్ అని ఇంకొకటుంది, అది కొవ్వులోనే పుట్టి, కొవ్వు పెరిగితే తగ్గుతుంది.

తొడల మీది కొవ్వు, పిరుదుల కొవ్వు పెద్దగా గొడవ చేయవు. పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ చేరేది గొడవ చేస్తుంది. అక్కడి కణాలు ఉబ్బి ఉబ్బి కొన్ని చచ్చిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి తెల్లకణాలు వచ్చి తిష్ఠ వేస్తాయి. ఆ గుంపులోంచి ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేతాలు బయల్దేరి నేరుగా కాలేయానికి చేరతాయి. కాలేయం ఆ కబురు అందుకుని సీఆర్‌పీ తయారుచేస్తుంది. అంటే సీఆర్‌పీ పుట్టేది గుండెలో కాదు, కాలేయంలో. పన్ను వాచినా అదే కబురు, బొజ్జ ఉబ్బినా అదే కబురు.

మిర్చియార్డు గారికి బాగా తెలిసిన సంగతితో చెప్తాను. సీజన్లో యార్డు పక్క రోడ్డున వెళ్తే ఘాటుకి దగ్గొస్తుంది. సరుకు దిగిందని తెలుస్తుంది. మీ దగ్గుని బట్టి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయో చెప్పగలరా? సీఆర్‌పీ కూడా అంతే. లోపల రాజుకుంటోందని చెబుతుంది, ఏ నాళంలో ఎంత శాతం మూసుకుందో చెప్పదు. యాంజియోలో బ్లాకుల సంఖ్యతో దాని పొత్తు అంతంతమాత్రమే, నడుము చుట్టుకొలతతో పొత్తు గట్టిది.

మరి ఎందుకు చేస్తారంటే, రేపటి ముప్పు అంచనా వేయడానికి. 1 లోపు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 2008లో జూపిటర్ అనే ట్రయల్ ఫలితాలొచ్చాయి. ఎల్‌డీఎల్ 130 లోపే ఉండి, సీఆర్‌పీ 2 గానీ ఆపైన గానీ ఉన్న 17,802 మందిని తీసుకున్నారు. సగం మందికి కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు, సగం మందికి ఉత్త బిళ్ల. మందు వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి 44 శాతం తగ్గాయి. లాభం తేలిపోవడంతో, సగటున రెండేళ్లు నిండకముందే ట్రయల్ ఆపేశారు. కొలెస్ట్రాల్ కాగితం "బాగుంది" అన్నవాళ్లే వీళ్లంతా.

మిర్చియార్డు · సోమవారం రాత్రి 10:58

ఘాటు పోలిక బాగుంది డాక్టరు గారూ, కాదనను. అయితే ఆ సీఆర్‌పీ తగ్గించే మందేదో నేరుగా ఇచ్చేస్తే పోలా?

స్టెతస్కోప్_పాతది · సోమవారం రాత్రి 11:20

దగ్గు మందు తాగితే యార్డులో సరుకు ఖాళీ అవుతుందా? 🙂

నిజంగానే దీన్ని పరిశోధించారు. పుట్టుకతోనే జన్యువుల వల్ల సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్లకి గుండెజబ్బు ఎక్కువేమీ రావట్లేదు. అంటే సీఆర్‌పీ దోషి కాదు, సాక్షి. దానికంటే పైనున్న సంకేతాలని ఆపితే మాత్రం ఫలితం ఉంది. 2017లో వచ్చిన కాంటోస్ ట్రయల్లో కనాకినుమాబ్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. కొలెస్ట్రాల్ తగ్గలేదు, గుండెపోట్లు తగ్గాయి. కానీ ప్రాణం మీదికి తెచ్చే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. అది గుండె మందుగా రాలేదు.

బందరురోడ్డు_బాబాయ్ · మంగళవారం ఉదయం 8:10

గౌట్ అనే కీళ్ల జబ్బుకి వాడే కోల్చిసిన్ దీనికి పనిచేస్తుందని ఎక్కడో చదివా. మందులషాపులో చవకే. మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన అప్పుడే మొదలెట్టాడు.

వేదిక_నిర్వాహకులు · మంగళవారం ఉదయం 9:00

మందుల షాపుకి వెళ్లి సొంతంగా కొనుక్కునే సలహాలు ఇక్కడ వద్దు. కోల్చిసిన్ మోతాదు కాస్త దాటినా విషమవుతుంది, కిడ్నీ బాగాలేనివాళ్లకి మరీ ప్రమాదం. వాకింగ్ బ్యాచ్ ఆయనకి ఈ మాట చేరవేయగలరు.

అరండల్‌పేట_అక్క · మంగళవారం మధ్యాహ్నం 2:35

డాక్టరు గారూ, మీరు రక్తం అన్నీ చెప్పదు అన్నారు కాబట్టి మా పిన్ని సంగతి రాస్తున్నా. నాకు ఇప్పటికీ మండుతూనే ఉంటుంది.

పిన్నికి 58. బరువు 96. రెండు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి చెప్పులు పట్టనంతగా పాదాల వాపు. ఒక పేరున్న ఆసుపత్రికి తీసుకెళ్లాం, పేరు రాయను. ఈసీజీ తీశారు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష చేశారు. "నార్మల్ వచ్చిందమ్మా, గుండె భేషుగ్గా ఉంది. ఆయాసం లావు వల్లే, నోరు కట్టుకోండి" అని ఐదు నిమిషాల్లో పంపేశారు. పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది. ఆ తర్వాత ఆయాసం వచ్చినా ఎవరికీ చెప్పేది కాదు, మళ్లీ తిండి గురించే అంటారని.

మూడు నెలలకి ఒక రాత్రి ఫోను. వెళ్లి చూస్తే మంచం మీద మూడు దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోతోంది. పడుకుంటే ఊపిరాడట్లేదట. అలా పదిరోజుల నుంచీ! ఇంకో డాక్టరు ఎకో అనే గుండె స్కానింగ్ చేసి, గుండె పంపింగ్ బాగానే ఉంది గానీ కండ బిగుసుకుపోయింది, సరిగా సాగట్లేదు, ఇదీ హార్ట్ ఫెయిల్యూరే అన్నారు. మరి రక్తపరీక్ష నార్మల్ ఎలా వచ్చింది?

స్టెతస్కోప్_పాతది · మంగళవారం రాత్రి 10:45

అక్కా, మీ పిన్నిగారి విషయంలో జరిగింది అరుదేమీ కాదు, అదే బాధ.

గుండె మీద ఒత్తిడి పెరిగితే దాని గోడలు వదిలే పదార్థాల్లో మీరు రాసిన ఈ ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ఒకటి. మామూలుగా జబ్బు ముదిరేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. తీవ్రత చెప్పే రక్తపరీక్షల్లో దీన్ని మించింది తక్కువ. కానీ లావుగా ఉన్నవాళ్లలో ఇది ఉండాల్సినదానికంటే తక్కువ చూపిస్తుంది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో ఈ సంగతి 2004లోనే బయటపడింది. కాబట్టి స్థూలకాయం ఉన్న మనిషికి ఆయాసం, వాపు ఉండి ఈ పరీక్ష నార్మల్ వస్తే, అక్కడితో వదలకూడదు. ఎకో చేయాల్సిందే. పైగా లావు, బీపీ, షుగర్ ఉన్న ఆడవాళ్లలో ఎక్కువగా వచ్చేది ఈ బిగుసుకుపోయే రకమే.

సీఆర్‌పీ లావువాళ్లలో ఎక్కువ చూపిస్తుంది, ఈ బీఎన్‌పీ పరీక్ష తక్కువ చూపిస్తుంది. ఒకే బొజ్జ, రెండు వైపులా తప్పుదారి పట్టిస్తోంది. మనిషిని చూడకుండా అంకె ఒక్కటే చదివితే ఇలాగే ఉంటుంది. "నోరు కట్టుకోండి" అన్న మాటకి మాత్రం మా వృత్తి తరఫున క్షమాపణ.

అరండల్‌పేట_అక్క · మంగళవారం రాత్రి 11:10

ఇప్పుడు మందులతో బాగానే ఉందండీ, ఒక దిండుకి వచ్చింది. ఈ పోస్టు ఆవిడకి చదివి వినిపిస్తా.

కృష్ణలంక_కుర్రోడు · బుధవారం ఉదయం 7:45

పెద్దోడన్నా, మీ చిన్న మావయ్య సంగతికి ఎవరూ జవాబివ్వలేదు. 61 కిలోలకి మూడు బ్లాకులేంటి? నాది 64 కిలోలు. ఇప్పటిదాకా హాయిగా ఉన్నా, ఈ థ్రెడ్ చదివాక లేదు.

స్టెతస్కోప్_పాతది · బుధవారం మధ్యాహ్నం 3:20

2004లో లాన్సెట్‌లో ఒక చిన్న వ్యాసం వచ్చింది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ స్నేహితుడు డాక్టర్ యుడ్కిన్, ఇద్దరి ఫొటో పక్కపక్కన. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 22.3. శరీరంలో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. తూకం ఒకటే, లోపల సరుకు వేరు. చేతులు కాళ్లు సన్నగా ఉండి, లోపల కొవ్వు పేరుకోవడం మనవాళ్లలో చాలా ఎక్కువ. అందుకే మనకి బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అంటున్నాం. నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.

ఇంకొకటి. సన్నటివాళ్లకి చిన్న వయసులో గుండెజబ్బు వస్తే లైపోప్రోటీన్-ఏ చూడాలి. రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం రేణువు అది, వంశం నుంచి వచ్చేది, తిండితో, బరువుతో పెద్దగా మారదు. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. డెసీలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త పడాలి. పెద్దోడు గారి మావయ్యకి సిగరెట్ అలవాటు ఉందా?

పటమట_పెద్దోడు · బుధవారం సాయంత్రం 6:05

రోజుకి పెట్టెన్నర అండీ, ముప్ఫై ఏళ్లు. షుగర్ కూడా ఉంది. రాయడం మర్చిపోయాను. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, ఇది వదిలేసి సన్నగా ఉన్నాడు సన్నగా ఉన్నాడు అని అందరికీ చెప్తున్నా.

మిర్చియార్డు · బుధవారం సాయంత్రం 6:12

ముప్ఫై ఏళ్లు పెట్టెన్నర! దానికి ఇంటర్‌ల్యూకిన్ దాకా వెళ్లాలా?

సూదిమొన · బుధవారం రాత్రి 9:30

అందరూ సీఆర్‌పీ చుట్టూనే తిరుగుతున్నారు గానీ, పెద్దోడు గారి కాగితంలో నాకు గుచ్చుకున్నది బాణం లేని అంకె. మొత్తం కొలెస్ట్రాల్ 198లోంచి హెచ్‌డీఎల్ 34 తీసేయండి. 164. చెడ్డ రేణువులన్నీ కలిపి మోసుకెళ్తున్న కొలెస్ట్రాల్ అది. ఎల్‌డీఎల్ 117 చూసి బాగుంది అనుకుంటాం. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్ కొలిచేది కాదు, లెక్క కట్టేది: మొత్తంలోంచి హెచ్‌డీఎల్, ఆపైన ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు తీసేస్తారు. 198, 34, 47. సరిగ్గా 117 వచ్చింది చూడండి. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఈ లెక్క మీద నమ్మకం తగ్గుతుంది, 400 దాటితే అసలు పనికిరాదు.

స్టెతస్కోప్_పాతది · బుధవారం రాత్రి 11:00

సూదిమొన గారికి నూటికి నూరు మార్కులు. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, షుగర్ గడప మీద, నడుము 104. అచ్చమైన బొజ్జ రక్తం ఇది. ఇలాంటివాళ్లలో ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై సంఖ్య పెరుగుతుంది, వాటిలోని కొలెస్ట్రాల్ అంకె మాత్రం తక్కువ చూపిస్తుంది. రేణువుల్ని లెక్కపెట్టాలంటే అపోలైపోప్రోటీన్-బి చేయించొచ్చు. లేదా ఆ 164 చాలు, 130 లోపు ఉండాలి.

జబ్బు ఎంత ఉందన్న మొదటి ప్రశ్నకి: నొప్పి, ఆయాసం లేని మనిషికి దానికోసం రక్తం కాదు, అవసరమనిపిస్తే సీటీ స్కానులో కాల్షియం స్కోరు, అంటే గుండె నాళాల గోడల్లో పేరుకున్న కాల్షియం, చూస్తాం. అది కూడా మీ డాక్టరు చూసి చెప్పాలి. నడిస్తే ఛాతీ పట్టేసినట్టుంటే మాత్రం పరీక్షల జాబితా పక్కనపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ చేసే ట్రోపోనిన్ వేరు, గుండె కండ దెబ్బతిందా లేదా అని కొన్ని గంటల్లోనే చెప్పేది. చెకప్ ప్యాకేజీల్లో వేసుకునేది కాదు.

బందరురోడ్డు_బాబాయ్ · గురువారం ఉదయం 6:30

బావగారికి ఆ బరువు తగ్గించే ఇంజెక్షన్ పనికొస్తుందా డాక్టరు గారూ? అందరూ దాని గురించే.

స్టెతస్కోప్_పాతది · గురువారం రాత్రి 10:10

అది అడగాల్సింది ఆయన గుండె డాక్టర్నే. 2023లో సెలెక్ట్ ట్రయల్ వచ్చింది, అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో ఉండి, బరువు ఎక్కువుండి, షుగర్ లేని 17,604 మంది మీద. సెమాగ్లుటైడ్ అనే ఆ ఇంజెక్షన్‌తో మళ్లీ గుండెపోటు వంటివి 20 శాతం తగ్గాయి, సీఆర్‌పీ కూడా దిగింది. పెద్దోడు గారు ఆ గుంపులో మనిషి కాదు. ఆయనకి ముందు రైతుబజారు కూరగాయలు, తర్వాత నడకకి చెప్పులు.

పటమట_పెద్దోడు · 24 రోజుల తర్వాత, ఆదివారం ఉదయం 8:15

మళ్లీ వచ్చాను. చిగురు మానాక అదే ల్యాబులో ఇచ్చాను. హెచ్ఎస్-సీఆర్‌పీ 3.4. సగం పన్నుదే! మిగతా సగం నాదే.

మాకు దగ్గర్లో ఫిజీషియన్‌కి చూపించాను. ఆయన పంతొమ్మిది పేజీల్లో రెండే తిరగేసి, బల్ల సొరుగులోంచి టైలర్ టేపు తీశారు. నేను ప్యాంటు బెల్టు దగ్గర పట్టుకోబోతే చెయ్యి పక్కకి తోశారు. "అక్కడ కాదు, అది మీ బొజ్జ కింద దాక్కున్న చోటు" అని చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన పెట్టి, ఊపిరి వదలమన్నారు. 34 సైజు ప్యాంటు వేసే నాకు నడుము 41 అంగుళాలు! ఇంట్లో కొలుచుకున్న 104 నిజమే గానీ, 34 సైజు చూసుకుని ఇన్నేళ్లూ లావు కాదనుకున్నా. నిజానికి నా బొజ్జ ప్యాంటుని కిందికి తోసేసింది, అంతే.

పొట్ట స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ మొదటి దశ అన్నారు. రాత్రి అన్నం ఒక గరిటకి దించారు, సాయంత్రం బజ్జీల బండి బంద్, రోజూ నలభై నిమిషాల నడక. మూడు నెలల తర్వాత అవే నాలుగు అంకెలు చూసి, అప్పుడు మాత్ర సంగతి తేలుస్తామన్నారు. బందరు కాలవ గట్టున పొద్దున్నే నడుస్తున్నా. ఇప్పటికి రెండు కిలోలు తగ్గాయి.

బ్లాకులు ఎన్నో అడిగాను, ఊరుకోలేక. "చూడాల్సిన అవసరం వస్తే చూద్దాం, ముందు టేపు సంగతి చూడండి" అన్నారు.

మిర్చియార్డు · ఆదివారం ఉదయం 8:40

టేపు ఎక్కడ పెట్టాలన్నారు, పక్కటెముక కిందా? ఇప్పుడే మా ఆవిడ కుట్టుమిషను పెట్టెలోంచి తీశా. 101 వచ్చింది. ఊపిరి బిగబట్టి చూస్తే 97.

సూదిమొన · ఆదివారం ఉదయం 8:44

అన్నా, ఊపిరి వదిలేసి కొలవాలి. సోమవారం పొద్దున పరగడుపున కొత్తపేట రండి. పన్ను నొప్పి ఏమైనా ఉంటే మాత్రం తగ్గాక రండి.